గుండె బొమ్మకు రెండు నిమిషాలట!

ఈమధ్య ఎవర్ని కదిపినా ఒకటే పాట. "ఇలా పడుకున్నానండీ, అలా లేచాను, స్కాన్ అయిపోయింది!" పార్కులో నాతో నడిచే రిటైర్డ్ తహసీల్దారు గారు అంటారు. మా వియ్యపురాలు అంటుంది. నా చేతికింద పని నేర్చుకుని ఇప్పుడో కార్పొరేట్ ఆస్పత్రిలో పెద్ద హోదాలో ఉన్న కుర్రాడైతే ఫోన్ చేసి మరీ చెప్పాడు, "మాస్టారూ, కొత్త కెమెరా వచ్చింది, గుండె బొమ్మ రెండు నిమిషాల్లో వచ్చేస్తోంది" అని. బాగుందిరా అబ్బాయ్, మరి ఆ బొమ్మను మీరు ఎంతసేపు చూస్తున్నారు అని అడిగాను. నవ్వేశాడు. నేను నవ్వించడానికి అడగలేదు.

నా ఉద్యోగమంతా న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోనే గడిచింది. ఎనభైల చివర్లో హైదరాబాదులో చేరినప్పుడు ఆ పేరు చెబితే జనం రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు. పెళ్లిచూపుల్లో మా మామగారు నన్నడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ బాంబులేమైనా చేస్తారా బాబూ?" రెండోది జీతం గురించి. రెండింటికీ నా జవాబు ఆయనకు తృప్తినివ్వలేదు.

బాంబులు కావు, బొమ్మలు. ఎక్స్‌రేలో కిరణం బయటినుంచి ఒంట్లోకి వెళ్తుంది. మా దగ్గర దానికి తలకిందులు. కొద్దిపాటి రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కిస్తాం. రక్తం ఎంత అందితే అంత మందును గుండె కండరం లోపలికి లాక్కుంటుంది. అక్కణ్నుంచి బయటికొచ్చే గామా కిరణాలను కెమెరా ఒక్కొక్కటిగా లెక్కపెట్టి బొమ్మ కడుతుంది. గుండె కష్టపడుతున్నప్పుడు ఒకసారి, విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒకసారి తీస్తాం. కష్టంలో వెలితి కనిపించి విశ్రాంతిలో పూడిపోతే రక్తనాళంలో అడ్డు ఉంది, కండరం మాత్రం బతికే ఉందని. రెండు బొమ్మల్లోనూ వెలితి ఉంటే అది పాత దెబ్బ. సూత్రం ఇంతే. నేను చేరిన రోజునా ఇదే, ఇవాళా ఇదే. మారింది యంత్రం, దానికన్నా ఎక్కువగా దాని ముందు కూర్చునే మనిషి.

మా రోజుల్లో పని పొద్దున్న ఆరింటికి వాసనతో మొదలయ్యేది. మేం వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు. పొద్దున్న ఉన్నదాంట్లో సాయంత్రానికి పావువంతు మిగులుతుంది, అందుకని దాచిపెట్టుకోవడం కుదరదు. దాని తల్లి మాలిబ్డినం-99కు 66 గంటలు. తల్లిని తెచ్చుకుని, రోజూ పిల్లను వేరు చేసుకోవాలి. పాశ్చాత్య దేశాల ఆస్పత్రుల్లో దానికి తయారు జనరేటర్లు ఉండేవి, ఉప్పునీళ్లు పోస్తే టెక్నీషియం దిగేది. యురేనియాన్ని విచ్ఛిత్తి చేసి తీసిన మాలిబ్డినం చిక్కనిది, చిన్న అల్యూమినా గొట్టంలో ఇమిడిపోతుంది. మన ట్రాంబే రియాక్టర్లలో మామూలు మాలిబ్డినాన్ని న్యూట్రాన్లతో కొట్టి చేసింది పలచన, అంత చిన్న గొట్టంలో పట్టదు. అందుకని ముంబై నుంచి సీసపు కుండలో ద్రావణం రూపంలో వచ్చేది. అది బేగంపేట విమానాశ్రయం కార్గోలో దిగిందా లేదా అన్నదాన్ని బట్టి మా వారం నడిచేది.

ఆ ద్రావణంలో మిథైల్ ఇథైల్ కీటోన్ పోసి కలపాలి. టెక్నీషియం కీటోన్‌లోకి పోతుంది, మాలిబ్డినం కిందే ఉండిపోతుంది. పైపొరను జాగ్రత్తగా లాగి, అల్యూమినా గుండా పంపి, వేడిచేసి కీటోన్‌ను ఎగరగొట్టి, మిగిలినదాన్ని సెలైన్‌లో కరిగించాలి. ఇదంతా సీసం ఇటుకల గోడ వెనక, చేతులు మాత్రం అటుపెట్టి. ఆ కీటోన్ ఘాటు చొక్కాకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. మా ఆవిడ మొదట్లో గోళ్లరంగు వాసన అనుకుని వేరే విధంగా ఆలోచించింది. ఆ సంగతి ఇక్కడ వద్దు.

తర్వాత సెస్టామిబీ వచ్చింది. అమెరికాలో 1990లో అనుమతి పొందిన మందు. టెక్నీషియం కలిపి సీసాను మరిగే నీళ్లలో గుడ్డు ఉడికించినట్టు 10 నిమిషాలు ఉడికించాలి. ఉడికాక చల్లార్చి, కాగితం ముక్క మీద చుక్క వేసి పాకించి, మందు సరిగ్గా అంటుకుందో లేదో చూసుకోవాలి. ఇప్పటి పిల్లలకు చాలాచోట్ల సిరంజిలోకి లెక్కకట్టిన మోతాదే చేతికొస్తోంది. చేతికి రేడియేషన్ తగ్గింది కాబట్టి మంచిదే. కానీ మందు ఎలా పుట్టిందో తెలియనివాడికి మందు చెడినప్పుడు బొమ్మ ఎలా ఉంటుందో కూడా తెలియదు. టెక్నీషియం సరిగ్గా అంటుకోకపోతే థైరాయిడ్, పొట్ట వెలుగుతాయి. మేం ఆ బొమ్మ చూడగానే ముందు సీసా వైపు చూసేవాళ్లం. వీళ్లు సర్వీసు ఇంజనీరుకు ఫోన్ చేస్తారు.

కెమెరా సంగతికొద్దాం. బర్క్‌లీలో హాల్ యాంగర్ అనే ఆయన 1957లో కట్టిన గామా కెమెరాలో నాలుగంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికం, దాని వెనక ఏడు గొట్టాలు. గామా కిరణం తగిలితే స్ఫటికం మిణుక్కుమంటుంది, ఆ మిణుకును ఏ గొట్టం ఎంత చూసిందన్న లెక్కను బట్టి తగిలిన చోటు తెలుస్తుంది. స్ఫటికం పెరిగింది, గొట్టాలు పెరిగాయి, కంప్యూటర్ చేరింది, కానీ నేను రిటైరయ్యేదాకా నా ముందున్నది ఆయన కెమెరాయే. యాభై ఏళ్లు ఒకే ఆలోచన మీద ఒక వైద్యశాఖ బతికింది. ఇప్పుడు ఫోనైనా మూడేళ్లు బతకడం లేదు.

ఆ స్ఫటికం మహా సుకుమారి. గాలిలో తేమ తగిలితే పసుపెక్కుతుంది. గది ఉష్ణోగ్రత గంటలో నాలుగైదు డిగ్రీలు మారితే పగులుతుంది. అందుకని రాత్రింబవళ్లు ఏసీ ఆగకూడదు. హైదరాబాదులో అప్పటి కరెంటు కోతల సంగతి తెలిసినవాళ్లకు మా బాధ అర్థమవుతుంది. వార్డులో రోగులు విసనకర్రలతో కొట్టుకుంటుంటే కెమెరా గదికి జనరేటర్ నడిచేది. ఒక వేసవిలో ఓ ముసలాయన నేరుగా అడిగేశాడు, "ఆ మిషనుకున్న మర్యాద మాకు లేదా సారూ?" అని. ఏం చెప్పను? లేదు.

స్ఫటికానికి ముందు కాలిమేటర్ అని సీసపు పలక. దాంట్లో వేలాది సన్నటి రంధ్రాలు. తిన్నగా వచ్చిన కిరణాన్నే లోపలికి పోనిస్తుంది. లేకపోతే ఎటునుంచి వచ్చిందో తెలియదు, బొమ్మ రాదు. ఈ తిన్నదనం కోసం కట్టే మూల్యం ఎంతంటే, సుమారు పదివేల కిరణాలు బయల్దేరితే ఒక్కటి లోపలికి చేరుతుంది. మిగతావన్నీ సీసంలో కలిసిపోతాయి. స్కాన్ అంతసేపు పట్టడానికి కారణం ఇదే, మా చేతకానితనం కాదు.

ఇక రోగిని పరుగెత్తించడం. అమెరికాలో రాబర్ట్ బ్రూస్ అరవైల్లో పెట్టిన పద్ధతి ప్రకారం మూడేసి నిమిషాలకోసారి ట్రెడ్‌మిల్ వేగం, ఎత్తు పెరుగుతాయి. ఆయన తన ఊరి మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటాడు. మా దగ్గరికి కాలికి చెప్పులేని వాళ్లు, పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టిన వాళ్లు, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకున్న వాళ్లు వచ్చేవాళ్లు. పొలంలో రోజంతా నడిచే మనిషి, నేలే కదులుతుంటే రెండడుగులు వేయలేక గడగడలాడేవాడు. నల్గొండ వైపునుంచి వచ్చిన అవ్వ ఒకావిడ, "భూమి జరుగుతాంది బిడ్డా, ఆపు బిడ్డా" అని కేకలు పెట్టింది. ఆవిడ చేయి పట్టుకుని నేనూ పక్కన నడిచాను. ఆ నడకలోనే ఆవిడకు నొప్పి ఛాతీలో కాదు, దవడలో వస్తుందని తెలిసింది. డాక్టరు రాసిన కాగితంలో ఆ ముక్క లేదు.

సెస్టామిబీ రాకముందు గుండెకు ఎక్కించేది థాలియం-201. గుండె కండరం దాన్ని పొటాషియం అనుకుని లోపలికి లాక్కుంటుంది. అయితే అది ఒకచోట స్థిరంగా ఉండదు, నెమ్మదిగా కదిలి సర్దుకుంటుంది. అందుకని ట్రెడ్‌మిల్ దిగిన మనిషిని చెమటతోనే కెమెరా కిందికి చేర్చాలి. మరీ తొందరపడ్డా ప్రమాదమే. ఆయాసం తగ్గేకొద్దీ ఊపిరితిత్తులు సర్దుకుని గుండె పైకి జరుగుతుంది, ఆ కదలికే కింది గోడలో లేని వెలితిని సృష్టిస్తుంది. ఈ రెండింటి మధ్య సమయం పట్టుకోవడం గడియారం చూసి కాదు, మనిషి ఊపిరి చూసి నేర్చుకున్నాం. మళ్లీ మూడు నాలుగు గంటలకు రెండో బొమ్మ. మధ్యలో భారీ భోజనం చేయొద్దంటే పక్క హోటల్లో పూరీలు తినొచ్చిన వాళ్ల చిట్టా నా దగ్గరుంది.

మొదట్లో మూడు కోణాల్లో చదునైన బొమ్మలే, ఒక్కోటీ ఎనిమిది పది నిమిషాలు. నల్లటి ఫిల్మ్ మీద బూడిదరంగు లాడం ఆకారం. తర్వాత కెమెరా గుండె చుట్టూ తిరిగే స్పెక్ట్ వచ్చింది. కుడిభుజం ముందువైపు నుంచి వీపు ఎడమవైపుదాకా 180 డిగ్రీలు, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఇరవై నిమిషాలు. అంతసేపూ చేతులు తలపైకెత్తి కదలకుండా ఉండాలి. భుజం పట్టేసిన అరవై ఏళ్లవాళ్లకు అది గుండెజబ్బుకన్నా పెద్ద బాధ. తలకింద పెట్టడానికి దిండ్లు, చేయి ఆనించడానికి మడతపెట్టిన దుప్పట్లు మేమే కనిపెట్టాం. ఏ కంపెనీవాడూ చెప్పలేదు.

ఇప్పుడు నా అసలు గోడు. కెమెరా అలా తిరిగి వచ్చాక, ముక్కలు కోసి రంగులద్దకముందు, తిరిగిన బొమ్మలన్నిటినీ వరసగా సినిమాలా ఆడించి చూసేవాళ్లం. రా డేటా అంటాం. మసకగా, చుక్కలు చుక్కలుగా, ఏ అందమూ లేని బొమ్మ. కానీ నిజం మొత్తం అందులోనే ఉంటుంది. ఆడవాళ్లలో రొమ్ము నీడ గుండె ముందుగోడ మీద పడి అక్కడ రక్తం తగ్గినట్టు చూపిస్తుంది. పొట్ట ఉన్న మగవాళ్లలో ఉదరవితానం కింది గోడను కప్పేస్తుంది. మనిషి మధ్యలో దగ్గి కదిలితే గుండె ఒక్కసారి ఎగిరి పడుతుంది. సెస్టామిబీ కాలేయం గుండా పేగుల్లోకి దిగుతుంది, ఆ వెలుగు గుండె కింది అంచును మింగేస్తుంది. దాన్ని కిందికి తోయడానికి పాలు తాగిస్తాం, చన్నీళ్లు తాగిస్తాం, అటూ ఇటూ నడిపిస్తాం. తిరిగే బొమ్మ చూస్తే ఇవన్నీ కళ్లెదుట కనిపిస్తాయి. చూడకుండా రంగుల బొమ్మ మీదికి దూకితే, ఇవన్నీ జబ్బులైపోతాయి. ఆ తర్వాత తొడలోంచో మణికట్టులోంచో గొట్టం పెట్టి యాంజియోగ్రామ్ చేస్తారు. ఏమీ ఉండదు. "అదృష్టవంతులండీ" అంటారు. అదృష్టమెందుకైంది, ముందే బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి తీసుంటే వెలితి మాయమయ్యేదిగా!

మరి కొత్త కెమెరా? దాన్ని తిట్టడానికే మా కుర్రాడి ఆస్పత్రికి వెళ్లానని ఒప్పుకుంటే నష్టమేమీ లేదు. తిట్టడం కష్టమైంది. సోడియం అయొడైడ్ లేదు, గొట్టాలు లేవు. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అనే అర్ధవాహకపు పలకలు, సీజెడ్‌టీ అంటారు. గామా కిరణం తగలగానే నేరుగా విద్యుత్తవుతుంది, మధ్యలో వెలుగుతో పనిలేదు. కిరణం శక్తిని మా కెమెరాకన్నా దాదాపు రెట్టింపు నిక్కచ్చిగా చెబుతుంది, దాంతో ఒంట్లో చెదిరి దారితప్పి వచ్చిన కిరణాల్ని ఏరేయడం తేలిక. పైగా డిటెక్టర్లన్నీ గుండె వైపే చూస్తుంటాయి. ఒక రకంలో 19 సూదిబెజ్జాల్లోంచి 19 చోట్లనుంచి ఒకేసారి చూస్తుంది, ఏదీ తిరగదు. ఇంకో రకంలో రోగి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే తొమ్మిది నిలువు పలకలు తమలో తామే అటూ ఇటూ తిరుగుతూ గుండెను గాలిస్తాయి. మా కెమెరా పట్టుకున్న కిరణాలకు ఇది నాలుగైదు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టుకుంటుంది. చేయి నొప్పి లేదు, దుప్పటి మడతలు లేవు.

ఇంకో మంచి కూడా చెప్పాలి, లేకపోతే నాకు అన్నం సహించదు. మోతాదు. ఒకప్పుడు విశ్రాంతికి థాలియం, కష్టానికి టెక్నీషియం, రెండూ ఒకేరోజు ఎక్కించే పద్ధతి గొప్పగా నడిచింది. రోగి ఒంటికి 20 మిల్లీసీవర్టులు దాటేది. ఏడాదికి సగటున 20 దాటకూడదని మాకు, అంటే ఆ గదిలో పనిచేసేవాళ్లకు, బ్యాడ్జి తగిలించి లెక్కగట్టేవాళ్లు. మాకు ఏడాది మొత్తం మీద వద్దన్నదాన్ని రోగికి ఒక్క పూటలో ఇచ్చేవాళ్లం! మేం ఎవరూ పెద్దగా అడగలేదు. ఇప్పుడు సీజెడ్‌టీ కెమెరాతో కష్టం బొమ్మ ముందు తీసి, అది బాగుంటే రెండోది మానేస్తే, మూడు మిల్లీసీవర్టుల లోపు ముగించొచ్చు. ఇందులో మా కాలం గొప్పేమీ లేదు.

కానీ చూడండి, ఆ తిరగని కెమెరాలో తిరిగే బొమ్మ లేదు. 19 బెజ్జాల్లోంచి వచ్చిన 19 చిన్న బొమ్మలుంటాయి, వాటిని వరసగా ఆడిస్తే కంటికి అర్థమయ్యే సినిమా రాదు. మనిషి కదిలాడా, రొమ్ము నీడ ఎక్కడ పడింది అని చూడాలంటే వేరే తెరలు, వేరే లెక్కలు నేర్చుకోవాలి. నేర్చుకోవచ్చు, శ్రద్ధగలవాళ్లు నేర్చుకున్నారు కూడా. మా కుర్రాడి పక్కన కూర్చుని చూశాను. బొమ్మ రావడం, సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలు కోయడం, గుండె మొత్తాన్ని ఒక్క వృత్తంలో పరిచి చూపే రంగుల పోలార్ మ్యాప్ అతుక్కోవడం, రిపోర్టు నమూనా తెరుచుకోవడం, అన్నీ వాటంతటవే. "రా డేటా చూపించరా" అన్నాను. ఏ మెనూలో ఉందో వెతికాడు. అదీ నా కడుపుమంట. బొమ్మ తీసే సమయంలో మిగిలిన పద్దెనిమిది నిమిషాల్లో రెండు నిమిషాలు దీనికి పెట్టలేరా? ఆ మిగులంతా ఇంకో ముగ్గురు రోగుల స్లాట్లుగా మారింది.

నీడను సరిచేయడానికి సీటీ కూడా ఉందిగా మాస్టారూ అంటాడు. ఉంది. ఒంటి సాంద్రతను సీటీతో కొలిచి, నీడ పడినచోట లెక్క పూడుస్తారు. బాగా పనిచేస్తుంది, సీటీలో గుండె, మా బొమ్మలో గుండె ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటే. ఊపిరి తేడాతో కాస్త జరిగిందా, గుండె పక్కగోడకు ఊపిరితిత్తి గాలి లెక్క పడి లేని జబ్బు పుడుతుంది. నీడ పోయి భూతం వచ్చిందన్నమాట. ఇది కూడా కంటితో చూసి పట్టుకోవాల్సిందే.

అంకెల పిచ్చి ఇంకోటి. గుండె ఒక్కసారి ముడుచుకుంటే లోపలి రక్తంలో ఎంత శాతం బయటికి పోతుందన్నది ఎజెక్షన్ ఫ్రాక్షన్. మా రోజుల్లో ఎర్రరక్తకణాలకే టెక్నీషియం తగిలించి, ఈసీజీతో తాళం కలిపి, గుండె గది చుట్టూ తెర మీద చేత్తో గీత గీసేవాళ్లం. నా గీతకు 52 వస్తే పక్కవాడి గీతకు 56. పోట్లాడుకుని మళ్లీ గీసేవాళ్లం. 1995లో లాస్ ఏంజెలిస్‌లోని సీడర్స్ సైనాయ్‌లో జర్మానో బృందం ఈ గీతను కంప్యూటరే గీసే ప్రోగ్రాం రాసింది. గీతల పోట్లాట ఆగింది. ఐతే గుండె చిన్నదైతే లోపలి గది మసకలో పూడిపోతుంది, ప్రోగ్రాం మోసపోతుంది. సన్నగా పొట్టిగా ఉండే మన ఆడవాళ్లకు 80, 85 శాతం అని వస్తుంటుంది. ఆ కాగితం పట్టుకుని మా వియ్యపురాలు బంధువులందరికీ చూపించింది. నేనేమీ అనలేదు. వియ్యపురాలు కదా.

ఇక రోగి తిండి విషయంలో వచ్చిన మార్పులు మరీ చోద్యం. నడవలేనివాళ్లకు ట్రెడ్‌మిల్ బదులు అడినోసిన్ లాంటి మందు ఎక్కించి రక్తనాళాలు తెరిపిస్తారు. దీనికి కెఫీన్ అడ్డుపడుతుంది, కనీసం 12 గంటలు కాఫీ, టీ, చాక్లెట్ ముట్టకూడదు. మన పెద్దవాళ్లకు పొద్దున్న కాఫీ లేకుండా తలనొప్పి మొదలు, దానికి మాత్ర వేసుకుంటారు, ఆ మాత్రలోనూ ఒక్కోసారి కెఫీన్ ఉంటుంది! అడినోసిన్‌ను ఒంటి బరువు లెక్కగట్టి నిమిషాల తరబడి ఎక్కించాలి. 2008లో వచ్చిన రెగాడెనోసన్‌కు ఆ తంటా లేదు, ఎవరికైనా ఒకటే మోతాదు, పది సెకన్లలో ఇచ్చేయొచ్చు.

పెట్ స్కాన్ వచ్చాక అన్నం మీదికే వచ్చారు. గుండె కండరం బతికుందో లేదో చూడాలంటే ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెర ఎక్కిస్తారు, దానికి ముందు గ్లూకోజు తాగిస్తారు. అదే మందుతో, అదే యంత్రంలో, గుండెలో సార్కాయిడ్ అనే జబ్బు తెచ్చే వాపు ఉందేమో చూడాలంటే అన్నం, ఇడ్లీ, పండు, పాలు ఏవీ వద్దు, ముందురోజంతా కొవ్వూ మాంసమూ మాత్రమే తిని రాత్రినుంచి ఉపవాసం ఉండమంటారు. కారణం ఉంది. చక్కెర దొరక్కపోతే మామూలు గుండె కండరం కొవ్వుతో బతుకుతుంది, మందును ముట్టదు. వాపు ఉన్నచోటే వెలుగుతుంది. శాస్త్రం అర్థమైంది. కానీ పుట్టినప్పటినుంచి మాంసం ఎరుగని తిరుపతి పంతులుగారికి ఈ జాబితా చదివి వినిపించాల్సింది రిసెప్షన్‌లోని ఇరవై రెండేళ్ల పిల్ల. నెయ్యి, పనీరు అని వేరే జాబితా రాసివ్వడానికి ఎవరికీ తీరిక లేదు. ఆయన అన్నం మానేసి అటుకులు తిని వస్తాడు. స్కాన్ పాడవుతుంది.

అమెరికాలో పెట్‌కు రుబీడియం-82 వాడతారు, దాని అర్ధాయువు 75 సెకన్లు. జనరేటర్‌లోంచి నేరుగా రోగి నరంలోకే. 2024లో ఫ్లూర్పిరిడాజ్ అనే కొత్త మందుకు అక్కడ అనుమతి వచ్చింది, 110 నిమిషాల అర్ధాయువు, దూరంగా తయారుచేసి బండిలో పంపొచ్చు. పెట్‌తో కండరంలో ఒక గ్రాముకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో కొలవొచ్చు. మూడు నాళాలూ సమంగా మూసుకుపోయినప్పుడు మా పాత బొమ్మ అంతా సమంగా మసకై బాగున్నట్టే కనిపించేది, ఇది ఆ మోసం పట్టేస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు అసూయ.

కానీ ఈ ఆధునికత అంతా ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో 2009లో చూశాం. కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ మే నెలలో లీకై ఆగింది, మళ్లీ నడిచింది 2010 ఆగస్టులో. ఆ మధ్యలో నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్ కూడా మరమ్మతుకు ఆగింది. ప్రపంచపు మాలిబ్డినంలో అధికభాగం ఆ రెండింటినుంచే. అమెరికా, యూరప్ ఆస్పత్రులు బీరువాలోంచి తీసినట్టు మళ్లీ థాలియాన్ని బయటికి తీశాయి. పనికిరాదన్న ముసలి మందు! మన ట్రాంబేలోని సైరస్ రియాక్టర్ ఆ చాక్ రివర్ వాళ్ల సాయంతో కట్టిందే, అది కూడా 2010 చివర్లో శాశ్వతంగా మూతపడింది. అక్కడే ఉన్న ధ్రువ రియాక్టర్ మిగిలింది. నేను కుర్రవాళ్లకు కీటోన్ పద్ధతి చూపిస్తానన్నాను. ముక్కు మూసుకుని వెళ్లిపోయారు.

అన్నిటికన్నా నాకు నచ్చనిది ఈ స్కాన్‌ను ప్యాకేజీలో పెట్టడం. ఏ నొప్పీ ఆయాసమూ లేని నలభై ఏళ్ల సాఫ్ట్‌వేర్ అబ్బాయికి మాస్టర్ చెకప్‌లో స్ట్రెస్ స్కాన్ దేనికండీ? జబ్బు ఉండే అవకాశం తక్కువ ఉన్నవాళ్లలో వెతికితే దొరికేది ఎక్కువగా రొమ్ము నీడలూ పొట్ట నీడలే. జబ్బు ఉన్నా వెంటనే స్టెంటు వేయాలన్న రూలేమీ లేదు. 2020లో ప్రచురించిన ఇస్కీమియా ట్రయల్‌లో 5,179 మందిని తీసుకున్నారు, ఒత్తిడి పరీక్షలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన వెలితి ఉన్నవాళ్లు. సగం మందికి ముందే యాంజియోగ్రామ్, అవసరమైతే స్టెంటో బైపాసో, మిగతావాళ్లకు ముందు మందులతోనే వైద్యం. మూడేళ్ల పైచిలుకు చూస్తే మరణాలు, గుండెపోట్లు అన్నీ కలిపి చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం గొట్టం వైద్యంతో నొప్పి బాగా తగ్గింది. ఎడమ ప్రధాన నాళం మూసుకుపోయినవాళ్లను ఇందులో చేర్చలేదు, కాబట్టి ఇది చదివి ఎవరూ తమ డాక్టరు మాట పెడచెవిన పెట్టకండి. నేనన్నది అడగమని. నొప్పి ఉందా అని రోగిని, నొప్పి లేనప్పుడు ఎందుకు అని డాక్టరును.

చివరగా మా పాత సామానొకటి. పైరోఫాస్ఫేట్. 1974లో డాలస్ డాక్టర్లు టెక్నీషియం తగిలించిన పైరోఫాస్ఫేట్‌తో తాజా గుండెపోటును బొమ్మ తీసి చూపించారు. చచ్చిన కండరంలో వెలిగేది. తర్వాత ట్రోపోనిన్ రక్తపరీక్ష వచ్చి దాన్ని మూలన పడేసింది. మా దగ్గర ఎముకల స్కాన్‌కూ, ఎర్రకణాలను సిద్ధం చేయడానికీ మిగిలింది. ఇప్పుడు చూడండి, కుర్రడాక్టర్లు కాన్ఫరెన్సుల్లో అదేదో నిన్న కనిపెట్టినట్టు చెబుతున్నారు. వయసు మళ్లినవాళ్ల గుండె గోడలో ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ పేరుకుని గుండె బిరుసెక్కిపోయే జబ్బు ఉంది, అమిలాయిడ్ అంటారు. పైరోఫాస్ఫేట్ దాంట్లో వెలుగుతుంది. 2016లో వచ్చిన పెద్ద అధ్యయనం తర్వాత, చాలామందికి గుండె ముక్క కోసి తీయకుండానే జబ్బు తేల్చేస్తున్నారు. 2019లో దానికి మందు కూడా అమెరికాలో అనుమతి పొందింది. ఖరీదు అడక్కండి.

ఇక్కడ కూడా రెండు తిరకాసులున్నాయి. మందు ఎక్కించిన కాసేపటికే తీస్తే గుండె గదిలోని రక్తమే వెలుగుతూ కండరం వెలిగినట్టు కనిపిస్తుంది. అందుకే మూడు గంటలు ఆగి, చదును బొమ్మతో సరిపెట్టకుండా స్పెక్ట్ తీసి చూడమంటారు. రెండోది ఇంకా ముఖ్యం. అమిలాయిడ్‌లో ఇంకో రకం ఉంది, ఎముక మజ్జలో పుట్టే లైట్ చెయిన్ ప్రొటీన్ వల్ల వచ్చేది. అది కూడా ఈ స్కాన్‌లో కొందరిలో వెలుగుతుంది. దానికి వైద్యం పూర్తిగా వేరు, కీమోథెరపీ, అదీ ఆలస్యం లేకుండా. అందుకని ఆ ప్రొటీన్ కోసం రక్తం, మూత్రం పరీక్ష చేయించకుండా ఈ స్కాన్ ఒక్కదాన్ని నమ్మకూడదు. అయినా ఆ ఫలితం లేకుండానే రోగులు మా కుర్రాడి టేబుల్ దాకా వస్తున్నారట. రిక్వెస్టు ఫారంలో ఆ పరీక్షకు ఒక గడి పెట్టించరా, అది ఖాళీగా ఉంటే అపాయింట్‌మెంట్ ఇవ్వకుండా చెయ్యి అన్నాను. ఫారం మార్చాలంటే ఐటీ వాళ్లకు టికెట్ పెట్టాలట. పెట్టాడట. ఐదు వారాలైందట.